కర్రీ పాయింట్ కూర, కుక్కర్లో పప్పు

సాయంత్రం ఏడున్నరకి ఏ కర్రీ పాయింట్ దగ్గరైనా చూడండి, భుజాన ఆఫీసు బ్యాగుతోనే గుత్తివంకాయా సాంబారూ కవర్లలో కట్టించుకునేవాళ్లు కనిపిస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 36 శాతం మందికి అధిక బరువో ఊబకాయమో ఉంది. ‘ఆడవాళ్లు వంట మానేశారు, అందుకే’ అనేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మగవాళ్లు అసలు మొదలే పెట్టలేదు కదా! కూర కొనుక్కోవడం తప్పు కాదు. కవరు విప్పగానే పైన తేలే ఎర్రటి నూనె, ఆ కారానికి సరిపడా కలుపుకునే మరో రెండు గరిటెల అన్నం, నా అనుమానమంతా వాటిమీదే. అన్నం ఎలాగూ ఇంట్లోనే వండుతున్నాం. అదే కుక్కర్లో పప్పు గిన్నె కూడా పెడితే ఆ పూటకి కొనే కూర సగానికి తగ్గుతుంది. ఆ గిన్నె ముందు ఇంటికొచ్చినవాళ్లు పెట్టాలి, కొడుకైనా సరే, మామగారైనా సరే.