మందు కూడా లంచమే

ఓటరు చేతిలో ఐదు వందల నోటు పెట్టినవాడికి ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు. అదే ఓటరుకు మందు పోయించినవాడికి పడేది జరిమానా ఒక్కటే. భారతీయ న్యాయ సంహిత 173వ సెక్షన్ ఈ రెండు లంచాల మధ్య గీసిన గీత ఇది. 2024 జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినా, పాత శిక్షాస్మృతిలోని ఈ వెసులుబాటు పొల్లుపోకుండా అలాగే ఉండిపోయింది. ఎన్నికలొస్తే మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో మందు ఎందుకు ఏరులై పారుతుందన్న ప్రశ్నకు జవాబు ఈ గీత దగ్గరే వెతకాలి. మద్యం పంపిణీని చట్టం చిన్న తప్పుగా చూస్తోంది. యంత్రాంగం, పార్టీలు కూడా అలాగే చూస్తున్నాయి. ఈ చూపు మారాలి. ఓటరుకిచ్చే మందును డబ్బుతో సమానమైన లంచంగానే చూడాలి, అలాగే శిక్షించాలి.

హైదరాబాద్ నగరానికి ఉత్తరాన ఉన్న ఈ శివారు అక్రమ రవాణాకు అన్ని విధాలా అనువైన చోటు. మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్ వైపు 44వ జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వైపు రాజీవ్ రహదారి వెళ్తాయి. రెంటినీ ఔటర్ రింగ్ రోడ్డు కలుపుతుంది. ఒక చెక్‌పోస్టు దగ్గర తనిఖీ జరుగుతోందని ఫోన్ వస్తే చాలు, బండి మరో దారి పడుతుంది. రోడ్ల వెంట ఫాంహౌస్‌లు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు బారులు తీరి ఉంటాయి. పారిశ్రామికవాడల్లో ఏ రోజు కూలి ఆ రోజే ఖర్చయ్యే బతుకులు. ఈ రెండు మండలాలున్న మల్కాజిగిరి లోక్‌సభ స్థానం ఓటర్ల సంఖ్యలో దేశంలోనే అతి పెద్దది. 2024లో అక్కడ 37 లక్షలకు పైగా ఓటర్లున్నారు. అసెంబ్లీ నియోజకవర్గానికి కనీసం మూడు ఫ్లయింగ్ స్క్వాడ్లు, మూడు స్టాటిక్ సర్వైలెన్స్ టీములు ఉండాలన్నది ఎన్నికల సంఘం నియమం. మారుమూల పల్లెల నియోజకవర్గానికైనా, పల్లె ఏదో పట్నం ఏదో తెలియనంతగా కలిసిపోయిన మేడ్చల్‌కైనా అదే కనీస లెక్క. ఆ కనీసంతో ఇక్కడ సరిపెట్టుకుంటే కుదరదు.

పంచే పద్ధతి ఊళ్లో అందరికీ ఎరుకే. పోలింగ్ ముందు రోజు కార్లలో కేసులకు కేసులు తరలించి పట్టుబడే అమాయకులు ఇప్పుడు తక్కువ. నోటిఫికేషన్‌కు ముందే సరుకు కొని, ఫాంహౌస్‌లోనో కిరాణా కొట్టు వెనక గదిలోనో దాస్తారు. తర్వాత టోకెన్లు దిగుతాయి. రెండు వేళ్ల వెడల్పున్న చీటీ, దాని మీద ఒక ముద్ర, ఒక నంబరు. పార్టీ పేరుండదు, అభ్యర్థి పేరుండదు. ఆ చీటీ చూపిస్తే ఒకచోట క్వార్టర్ బాటిల్, మరోచోట బిర్యానీ పొట్లం చేతికొస్తాయి. పైసా చేతులు మారినట్టు కనపడదు. ఇది కాక పుట్టినరోజులు, కుల సంఘాల ఆత్మీయ సమ్మేళనాల పేరిట ఫంక్షన్ హాళ్లలో జరిగే దావత్‌లు వేరు. ఎవరు పిలిచారో, బిల్లు ఎవరు కట్టారో పందిట్లో కూర్చున్న ప్రతివారికీ తెలుసు. అభ్యర్థి ఖర్చుల పద్దులో మాత్రం ఆ ఊసే ఉండదు. అసెంబ్లీ అభ్యర్థి రూ. 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి రూ. 95 లక్షలు మించి ఖర్చుచేయరాదన్న పరిమితి ఇలా కాగితానికే మిగిలిపోతోంది.

అధికారులు ఏమీ చేయడం లేదని అనలేం. 2023 శాసనసభ ఎన్నికల్లో, పోలింగ్‌కు పది రోజుల ముందు, నవంబరు 20 నాటికే తెలంగాణలో పట్టుబడిన నగదు, మద్యం, మత్తుపదార్థాలు, బంగారం వగైరా విలువ రూ. 659 కోట్లని ఎన్నికల సంఘం ప్రకటించింది. అప్పుడు ఎన్నికలు జరిగిన ఐదు రాష్ట్రాల్లో అదే అత్యధికం. ఐదింటిలో కలిపి పట్టుబడింది రూ. 1,760 కోట్లు. 2018లో అవే రాష్ట్రాల్లో దొరికింది రూ. 239 కోట్లు. నిఘా పెరిగిందని సంతోషించాలా, అక్రమం అంతకు మించి పెరిగిందని బాధపడాలా? రెండూ నిజమే కావచ్చు. కానీ జనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఇంత సరుకు పట్టుబడితే, దాన్ని తెప్పించిన అభ్యర్థుల్లో ఎంతమందికి శిక్ష పడింది? దొరికేది డ్రైవర్, బెల్టు షాపు నడిపే చిరువ్యాపారి. డబ్బు పెట్టినవాడు గెలిస్తే ప్రమాణ స్వీకారం చేస్తాడు, ఓడితే వచ్చే ఎన్నికకు సిద్ధమవుతాడు.

చట్టంలో పదును బొత్తిగా లేదని కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం ఓటరుకు లంచమివ్వడం ఎన్నికనే రద్దు చేయదగిన అవినీతి చర్య. ఎన్నికల లంచం కేసులో దోషిగా తేలితే, పడింది జరిమానాయే అయినా ఆరేళ్లు పోటీకి అనర్హుడు కావాల్సిందేనని 8వ సెక్షన్ చెబుతోంది. లోపమల్లా కేసు అక్కడిదాకా వెళ్లకపోవడంలో ఉంది. ఈ నేరం నాన్ కాగ్నిజబుల్ కాబట్టి మేజిస్ట్రేట్ అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. దీన్ని కాగ్నిజబుల్ నేరంగా మార్చాలని ఎన్నికల సంఘం ఏళ్ల కిందటే కేంద్రాన్ని కోరింది. పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటల్లో మద్యం అమ్మినా, ఇచ్చినా, పంచినా ప్రజాప్రాతినిధ్య చట్టం 135సి సెక్షన్ కింద పడే శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా రూ. 2,000 దాకా జరిమానా, లేదా రెండూ. కోట్లు కుమ్మరించే అభ్యర్థికి రెండు వేల రూపాయలు ఏపాటి?

విందు, మందు అనేసరికి చట్టం ఎందుకింత మెత్తబడింది? బ్రిటన్‌లో ఒకప్పుడు ఎన్నికలంటే సారా పీపాలే. 1883లో అక్కడి పార్లమెంటు అవినీతి నిరోధక చట్టం తెచ్చి, ఓటర్లకు తాగబోయించడాన్ని డబ్బు పంచడంతో సమానం చేసింది. దేనికైనా ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు. ఆ బ్రిటిష్ పాలకులే 1920లో మన శిక్షాస్మృతిలో ఎన్నికల నేరాల అధ్యాయం చేర్చినప్పుడు, తాగబోయించడానికి జరిమానాతో సరిపెట్టారు. తమ దేశంలో జైలుకు పంపిన నేరాన్ని వలస దేశంలో చూసీచూడనట్టు వదిలేశారు. వలస చట్టాల బూజు దులుపుతున్నామని చెప్పి కొత్త సంహిత తెచ్చిన మన పార్లమెంటు ఆ మినహాయింపును మాత్రం ముట్టుకోలేదు. దాన్ని తక్షణం తొలగించాలి.

రాష్ట్ర ప్రభుత్వానికీ ఇందులో బాధ్యత తక్కువేమీ కాదు. 2023 ఎన్నికలకు మూడు నెలల ముందు, ఆగస్టులో 2,620 మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. తిరిగి ఇవ్వని రూ. 2 లక్షల రుసుముతో 1.31 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుల మీదే రూ. 2,600 కోట్లకు పైగా ఖజానాకు చేరింది. ఖజానా ఇంతగా మందు మీద ఆధారపడినప్పుడు, అమ్మకాలు ఒక్కసారిగా ఎగబాకినా ఎందుకని అడిగే నాథుడుండడు. లైసెన్సున్న దుకాణానికి 48 గంటలు తాళం వేసి, సందు చివరి బెల్టు షాపును తెరిచి ఉంచితే డ్రై డే అనడంలో అర్థం లేదు.

ఎవరు పోసినా తాగి, నచ్చినవాడికే ఓటేస్తామని కొందరంటారు. ఇందులో నష్టమేముందని అడుగుతారు. నష్టం లెక్కగట్టలేనంత ఉంది. 2022 సెప్టెంబరులో ఉత్తరాఖండ్‌లోని హరిద్వార్ జిల్లాలో పంచాయతీ ఎన్నికల కోసం పంచిన మద్యం తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ప్రాణం పోని చోట సంసారం కుదేలవుతుంది. ప్రచారం సాగినన్నాళ్లూ ఉచితంగా అలవాటైన మందుకు ఎన్నిక అయ్యాక కూలి డబ్బుతో మూల్యం కడతారు. ఇంట్లో దెబ్బలు తినేది ఆడవాళ్లు. పైగా మందు మీద పెట్టుబడి పెట్టినవాడు దాన్ని వడ్డీతో సహా రాబట్టుకుంటాడు. గజం భూమికి కూడా బంగారం ధర పలికే ఈ శివార్లలో ఆ వసూలు ఎక్కడ జరుగుతుందో వేరే చెప్పాలా? లేఅవుట్ అనుమతుల్లో, చెరువు శిఖాల్లో, ప్రభుత్వ భూముల్లో.

చేయాల్సింది స్పష్టం. సీసా మూతకు అంటించే ఎక్సైజ్ హోలోగ్రామ్ లేబుల్ మీద బార్‌కోడ్ ఉంటుంది. స్కాన్ చేస్తే అది ఏ డిపో నుంచి ఏ దుకాణానికి వెళ్లిందో బయటపడుతుంది. పట్టుబడిన ప్రతి సీసాకూ ఈ పని జరగాలి. దుకాణం తేలితే లైసెన్సు రద్దు చేయాలి, కొన్నవాడెవడో రాబట్టాలి, అక్కడి నుంచి అభ్యర్థి దాకా వెళ్లాలి. షెడ్యూలు వెలువడక ముందే బెల్టు షాపులు మూయించాలి. మూడు నెలల అమ్మకాల సగటుతో పోల్చి, అనుమానాస్పదంగా పెరిగిన దుకాణాల జాబితాను వ్యయ పరిశీలకుడి ముందుంచాలి. ఫంక్షన్ హాళ్లు, ఫాంహౌస్‌ల యజమానులు ప్రతి విందు వివరమూ ముందే తెలపాలి. ఎన్నిక ముగిసిన ఏడాదికి, పెట్టిన కేసులెన్ని, పడిన శిక్షలెన్ని అన్నది జిల్లా ఎన్నికల అధికారి ప్రజలకు వెల్లడించాలి. పంపిణీ హద్దుమీరితే పోలింగే ఆపాలి. తమిళనాడులో 2016లో అరవకురిచ్చి, తంజావూరులోనూ, 2017లో ఆర్కే నగర్‌లోనూ, 2019లో వేలూరులోనూ ఎన్నికల సంఘం ఆ పని చేసింది. 2022 మునుగోడు ఉప ఎన్నికలో మందూ డబ్బూ ఎంత పారాయో రాష్ట్రమంతా చూసింది. అక్కడ ఆ ధైర్యం కనిపించలేదు.

చివరి మాట ఓటర్లతో. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించేదాకా ఊరుకోలేదు. ఆ పోరాటం జిల్లాలు దాటి, 1993 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. నిషేధం 1997లో సడలిపోయి ఉండవచ్చు. కూలి చేసుకు బతికే ఆడవాళ్లు తలచుకుంటే ప్రభుత్వాల మెడలు వంచగలరన్న నిజం మాత్రం చెరగదు. ఈ శివార్లలోని మహిళా సంఘాలు, కాలనీ సంఘాలు, కార్మిక సంఘాలు ఆ తెగువ చూపాలి. మీ వాడలో మందు దించుతుంటే ఫోనులో ఫొటో తీసి సీ-విజిల్ యాప్‌లో పెట్టండి. 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది నిబంధన. 1950 నంబరుకు ఫోన్ చేయండి. క్వార్టర్ బాటిల్ పంపిన అభ్యర్థి ఏ పార్టీవాడైనా, ఏ కులంవాడైనా, ఆ ఒక్క కారణంతోనే అతనికి ఓటు వేయకండి.