పాతబస్తీకి మెట్రో: కిరాయిదారును ఎవరు లెక్కించారు?

హైదరాబాదు పాతబస్తీకి మెట్రో రైలు కావాలని మనం దశాబ్ద కాలానికి పైగా అడుగుతూ వచ్చాం. తొలి దశ ప్రణాళికలోనే జూబ్లీ బస్‌స్టేషన్ నుండి ఫలక్‌నుమా వరకు ఒక మార్గం ఉండేది. 2020 ఫిబ్రవరి 7న ఆ మార్గం ప్రారంభమైంది గాని, రైలు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వద్దనే ఆగిపోయింది. మూసీ దాటి దక్షిణానికి రావలసిన ఐదున్నర కిలోమీటర్లూ కాగితం మీదే మిగిలాయి. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశారు. మార్గాన్ని చాంద్రాయణగుట్ట దాకా, అంటే ఏడున్నర కిలోమీటర్లకు పొడిగించారు. 2025 జనవరిలో ఆస్తుల యజమానులకు పరిహారపు చెక్కుల పంపిణీ మొదలైంది. చదరపు గజానికి 81,000 రూపాయలు.

ఈ మార్గాన్ని మేము వ్యతిరేకించడం లేదు. మెట్రో వస్తే పాతబస్తీ చెడిపోతుందని వాదించేవారు మనలోనూ ఉన్నారు. వారితో మేము ఏకీభవించం. ఉద్యోగాలన్నీ నగరానికి పడమటి దిక్కున పెరుగుతూ పోగా, చాంద్రాయణగుట్ట యువతి అక్కడికి చేరడానికి బస్సులూ ఆటోలూ మారుతూ పూటలో సగం దారిలోనే గడపవలసి రావడం కూడా వివక్షే. 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితమైంది. మంచిదే. బస్సు మొహల్లా దాకా వస్తేనే గదా ఆ ఉచితానికి అర్థం. కనుక రైలు రావాలి, దాని కోసం వీధి వెడల్పు కావాలి. మా ప్రశ్న ఒక్కటే: ఈ విస్తరణలో నష్టపోయేవారి జాబితాను ఏ కొలతతో తయారు చేస్తున్నారు?

దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఎతెబార్ చౌక్, అలీజా కోట్ల, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ – రైలు వెళ్లే దారి ఇది. 1591లో ఈ నగరానికి రూపురేఖలు దిద్దిన ఘనతను చరిత్రకారులు మీర్ మోమిన్ అస్త్రాబాదీకి ఇస్తారు. ఆయన సమాధి ఉన్న దాయిరా పక్క నుండే ఇప్పుడు రైలు వెళ్లనున్నది. ఆయన గీసిన పటంలో రెండు రాజమార్గాలు కలిసే చోట చార్మినార్ నిలిచింది, ఆ మార్గాల వెంట బజారు సాగింది. నాలుగు శతాబ్దాలు గడిచినా పాతబస్తీ స్వభావం మారలేదు. ఇక్కడ ఇల్లు, దుకాణం, కార్ఖానా వేర్వేరు కావు. కింద కిరాణా, పైన జర్దోజీ మగ్గం, వెనుక గదిలో కుటుంబం, గుమ్మం ముందు తోపుడుబండి. ఒకే గోడను ఆనుకొని నాలుగు జీవనాధారాలు.

పరిహారం మాత్రం గోడకూ నేలకూ కొలుస్తారు. నలభై గజాల దుకాణం పోతే నేలకే 32 లక్షల 40 వేల రూపాయలు వస్తాయి. ఆ డబ్బు చేరేది పత్రం ఎవరి పేర ఉన్నదో వారికి. దుకాణం నడిపేది మాత్రం చాలాచోట్ల కిరాయిదారు. పైగా పాత బజారులో పగిడీ పద్ధతి ఉన్నది. తాతల కాలంలో పెద్ద మొత్తం ఒకేసారి చెల్లించి, ఆ తరువాత నామమాత్రపు కిరాయి కడుతూ తరతరాలుగా అదే దుకాణంలో ఉంటారు. వ్యాపారుల మధ్య అది స్థిరమైన హక్కు; రిజిస్ట్రారు కార్యాలయంలో దానికి ఆనవాలు ఉండదు. ఇంటి యజమాని దయతలిస్తే అతనికి కొంత ముట్టుతుంది, లేకుంటే లేదు. ముప్ఫయ్యేళ్లుగా ఒకే మలుపులో కూర్చున్న దర్జీకి ఆ మలుపే పెట్టుబడి. అతన్ని పది కిలోమీటర్ల అవతల కూర్చోబెడితే చేతిలో పని ఉంటుంది గాని గిరాకీ ఉండదు.

ఇక్కడ చట్టం మౌనంగా లేదు. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం ‘బాధిత కుటుంబం’ అన్న మాటను యజమానికే పరిమితం చేయలేదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో ఉంటూ దాని మీదనే బతుకుతున్న కిరాయిదారులు, చేతివృత్తులవారు, పనివారు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. అలాగే సేకరించే ఆస్తి వక్ఫ్‌ది అయినప్పుడు, కలెక్టరు అవార్డు ప్రకటించే ముందే వక్ఫ్ బోర్డుకు నోటీసు ఇవ్వాలని 1995 వక్ఫ్ చట్టంలోని 91వ సెక్షను చెబుతుంది. వక్ఫ్ దుకాణాలలో ఉన్నవారు కూడా కిరాయిదారులే గనుక, బోర్డు తనకు రావలసిన పరిహారం గురించి ఎంత గట్టిగా అడుగుతుందో తన కిరాయిదారుల గురించీ అంత గట్టిగా అడగాలి. నిర్వచనం చట్టంలో ఉన్నా, ఇంటింటికీ తిరిగి ఆ పేర్లు రాసే మనిషి రాకపోతే అది అక్షరమై మిగులుతుంది.

రోడ్డు వెడల్పు చేయడం ఈ నగరానికి కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, భూగర్భ మురుగు కాలువల పథకం ఆ వరుసలో వచ్చినవే. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పత్తర్‌గట్టీ వీధిని విస్తరించింది. కూల్చి వదిలేయలేదు. ఇరువైపులా రాతి కమానులు నిలిపి, కింద అంగళ్లు, పైన నివాసాలు వచ్చేట్టు ఒకే వరుసలో కట్టించింది. నేడు పర్యాటకులు ఫొటోలు తీసుకునే పత్తర్‌గట్టీ అదే. ఆనాటి పాలన రాచరికం, ప్రజలను అడిగి చేసింది కాదు; దాన్ని స్వర్ణయుగంగా చిత్రించే అలవాటు మాకు లేదు. అయినా వీధిని విస్తరించేవాడు అంగడిని కూడా కట్టాలన్న బుద్ధి ఆ ఇంజినీర్లకు తోచింది. నేటి పటంలో స్తంభాలూ స్టేషన్లూ కనిపిస్తాయి, అంగడి కనిపించదు.

ఇక కిరాయి కట్టే స్తోమత కూడా లేనివారి మాట. ముస్లిం పురుష శ్రామికులలో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉన్నారనీ, దేశ సగటు 8 శాతం లోపేననీ సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. వీధిని మార్చే ప్రతి నిర్ణయమూ మన సమాజం మీద అధికంగా ఎందుకు పడుతుందో ఈ అంకెలే చెబుతాయి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదు. పట్టణ వ్యాపార కమిటీలో నలభై శాతానికి తగ్గకుండా వ్యాపారులు ఎన్నుకున్న వారే ఉండాలి, వారిలో మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. ఈ చివరి మాట చట్టంలో స్పష్టంగా ఉన్నదని మన సంఘాలలోనే ఎందరికి తెలుసు?

నీళ్లూ మురుగూ వేరే సంగతి అనుకోవద్దు. స్తంభం నిలపడానికి ముందు మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు, కరెంటు తీగలు పక్కకు జరపాలి. ఇంత లోతుగా ఈ వీధిని తవ్వే అవకాశం మరో యాభై ఏళ్లకు గాని రాదు. 2020 అక్టోబరులో పల్లె చెరువు పొంగి అల్ జుబైల్ కాలనీ మునిగింది, వారం తిరగకముందే గుర్రం చెరువు తెగి హాఫిజ్ బాబానగర్ నీట మునిగింది. 2009లో భోలక్‌పూర్‌లో కలుషితమైన కుళాయి నీటికి పలువురు బలయ్యారు. 2025 మే 18న గుల్జార్‌హౌజ్ వద్ద ఒకే భవనంలో మంటలు చెలరేగి 17 మంది మరణించారు. ఆ భవనానికి ఉన్నది ఒక ఇరుకు దారి. ఇన్ని చూసిన తరువాత కూడా ఒక్కో శాఖ తన పాత గొట్టాన్ని ఉన్నదున్నట్టు రెండు గజాలు పక్కకు జరిపి మట్టి కప్పేస్తే, అది నేరం కాకపోవచ్చు గాని నేరానికి తక్కువేమీ కాదు. వాననీటి కాలువ వేరుగా, మురుగు వేరుగా, తీగలు నేల కింద – ఈ క్రమం ముందు, స్తంభం తరువాత. తవ్వకం సాగినన్నాళ్లూ కూలిపోని దుకాణానికి కూడా గిరాకీ ఉండదన్న సంగతీ లెక్కలోకి రావాలి.

ఇవన్నీ ఒక చోట కూర్చొని తేల్చవలసిన సభ నగరపాలక మండలి. 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలులో పట్టణ సంస్థలకు ఉద్దేశించిన 18 అంశాలలో మొదటిదే పట్టణ ప్రణాళిక. హైదరాబాదులో మెట్రో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ చేతిలో, నీరు జలమండలి చేతిలో, కరెంటు విద్యుత్ పంపిణీ సంస్థ చేతిలో ఉన్నాయి. బల్దియాకు మిగిలింది గుంతలు పూడ్చడం. మన ప్రతినిధులను కూడా ఇక్కడ వదిలిపెట్టలేం. మార్గంలోని నూరుకు పైగా ప్రార్థనా స్థలాలను, చారిత్రక కట్టడాలను కాపాడతామని అధికారులు హామీ ఇచ్చినప్పుడు మనమంతా ఊపిరి పీల్చుకున్నాం. ఆ హామీ కోసం చేసిన ఒత్తిడిలో సగమైనా ఆ కట్టడాల నీడన కూర్చున్న మనుషుల కోసం చేశామా? వారిలో ముస్లింలే కాదు, తరాలుగా అక్కడ వ్యాపారం చేస్తున్న హిందూ కుటుంబాలూ ఉన్నాయి. ఈ జాబితా మతాన్ని బట్టి రాయవలసింది కాదు.

తొలి దశలో మెట్రో సంస్థ స్టేషన్ల వద్ద మాల్స్ కట్టి అద్దెల ఆదాయం చూసుకున్నది. పాతబస్తీ స్టేషన్లలో కూడా అద్దెకిచ్చే గదులు ఉంటాయి. వాటి మీద తొలి హక్కు ఈ మార్గంలో దుకాణం కోల్పోయిన కిరాయిదారుకు, పాత కిరాయికి దగ్గరి ధరకు, టెండరు పిలవక ముందే రాతపూర్వకంగా దక్కాలి. అందుకు వార్డువారీగా కిరాయిదారుల, పనివారి, బండ్లవారి జాబితా కావాలి. 2017 నుండి ఉర్దూ ఈ రాష్ట్రానికి రెండవ అధికార భాష గనుక, ఆ జాబితా తెలుగులోనూ ఉర్దూలోనూ మొహల్లా గోడల మీద అతికించాలి. తన పేరు లేదని గుర్తించిన దర్జీకి అభ్యంతరం తెలపడానికి కనీసం ముప్ఫై రోజుల గడువు ఇవ్వాలి.