ఇవన్నీ అంతరిక్షము నుండి దిగివచ్చినవేనా?



గడచిన నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరును వెళ్ళిపోయిన తరువాత, మా సంఘములోని రైతు ఒకాయన వెనుక బల్ల దగ్గరనే నిలిచిపోయారు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన రంగుల కరపత్రము. ప్రక్కన ఇంటర్ ఎం.పి.సి. పూర్తిచేసిన కుమారుడు.

"వందనాలండి అయ్యగారూ. ఇది కాస్త చదివి చెప్పాలండి. ఎకరంనర మాగాణి బేరం పెట్టాం" అన్నారు.

పొలము అమ్ముచున్నారనగానే మేము మరల కూర్చుంటిమి. ఆ కరపత్రము దూరపు పట్టణములోని ఒక ఇంజనీరింగు కళాశాలది. అంతరిక్ష సాంకేతిక విద్య పేరుతో ఒక కోర్సు, మేనేజ్‌మెంటు సీటు, దానికి పెద్ద మొత్తము. తెచ్చియిచ్చిన ఏజెంటు పదివేలు అడ్వాన్సు కూడ తీసికొని వెళ్ళినాడట. వెనుక పేజీలో ఎనిమిది బొమ్మలున్నవి: చెప్పులకుండే అంటుకొనే పట్టీ, నాన్-స్టిక్ పెనము, టాంగ్ పొడి, మైక్రోవేవ్ ఓవెను, బ్యాటరీ డ్రిల్లు, సోలారు పలక, మెత్తని ఫోము దిండు, సెల్‌ఫోను కెమెరా. ఇవన్నియు అంతరిక్ష పరిశోధన వలన పుట్టినవేనని క్రింద పెద్ద అక్షరములతో వేసినారు. ఇన్ని వస్తువులు వచ్చిన చోట ఉద్యోగములకు కొదువా అని ఏజెంటు వాదన.

మేము ఇంజనీర్లము కాము. పైగా ఒక సంగతి ఒప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రితము పిల్లల సెలవుల బడిలో, చంద్రుని మీదికి మనిషి వెళ్ళబట్టియే మన వంటింటికి నాన్-స్టిక్ పెనము వచ్చినదని మేమే చెప్పియున్నాము. ఎక్కడ విన్నామో గుర్తులేదు. కనుక ఈసారి నోటికి వచ్చినట్లు చెప్పక, వారము రోజులు గడువు అడిగి, తెలిసినవారిని అడిగి, చదివి చూచితిమి.

మొదట ఆ పెనము సంగతియే చెప్పెదము. దాని మీది పూత పేరు టెఫ్లాన్. 1938లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో పనిచేయుచున్న రాయ్ ప్లంకెట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రిజ్‌లకు వాడే వాయువు మీద పరిశోధన చేయుచుండగా, సిలిండరులోని వాయువు బయటకు రాక లోపల తెల్లని జారుడు పొడిగా మారియుండెను. అనుకోకుండ దొరికినది అదియే టెఫ్లాన్. ఫ్రాన్సులో పెనములకు ఆ పూత పూయుట 1950లలోనే మొదలైనది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా స్థాపించబడినది 1958లో. తండ్రి పుట్టకముందే కొడుకు పెండ్లి చేసినట్లున్నది ఈ లెక్క.

అంటుకొనే పట్టీ, అనగా వెల్క్రో, స్విట్జర్లాండుకు చెందిన జార్జ్ డి మెస్ట్రాల్ అను ఇంజనీరుది. 1941లో కుక్కతో షికారుకు పోయి వచ్చి, దాని వెండ్రుకలకును తన బట్టలకును అంటిన ముళ్ళకాయలను ఆయన మైక్రోస్కోపులో చూచెను. చివరలు కొక్కెముల వలె వంగియుండెను. మన చేను గట్టున నడిచిన వారి పంచెకు ఉత్తరేణి గింజలు పట్టుకొనుట ఎవరికి తెలియదు? మనము దులుపుకొని పోవుదుము, ఆయన కూర్చుండి చూచెను. అంతే భేదము. టాంగ్ పొడి 1959 నాటికే అమెరికా అంగళ్ళలో ఉన్నది. 1962లో జాన్ గ్లెన్ అంతరిక్ష యాత్రకు దానిని తీసికొనిపోయిన తరువాత పేరు మోగినది. ఈ మూడింటిని తాము కనిపెట్టలేదని నాసా వారే చెప్పుచున్నారు. మైక్రోవేవ్ ఓవెను యుద్ధకాలపు రాడార్ పని నుండి, 1945లో పెర్సీ స్పెన్సర్ అను ఇంజనీరు చేతిలో మొదలైనది. బ్యాటరీ డ్రిల్లును ఒక పనిముట్ల కంపెనీ 1961లోనే బజారుకు తెచ్చినది. చంద్రుని నేల తొలుచుటకు తరువాత నాసా ఆ కంపెనీ సహాయము తీసికొన్నది.

సోలారు పలక కథ వేరు. దానిని 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చేసినారు, అంతరిక్షము కొరకు కాదు. ఐతే అప్పుడది మిక్కిలి ఖరీదు. ఇంటి కప్పు మీద పెట్టుకొనువారెవరు? 1958లో పంపిన వాన్‌గార్డ్-1 అను చిన్న ఉపగ్రహములో బ్యాటరీతో నడిచిన ప్రసార యంత్రము కొన్ని వారములకే ఆగిపోగా, సోలారు పలకలతో నడిచినది ఆరేండ్ల వరకు పలికెను. కరెంటు తీగ చేరలేని చోట అది పనికివచ్చునని రుజువు చేసినది అంతరిక్షమే. కనుక పుట్టిల్లు వేరైనను, పెంచిన చేయి అదియే.

మిగిలినవి రెండు, ఫోము దిండు, ఫోను కెమెరా. ఇవి నిజమే. 1966లో నాసా వారి కాలిఫోర్నియా కేంద్రము కొరకు, విమానము కూలినపుడు సీటులోని మనిషికి దెబ్బ తగ్గించుటకు చార్లెస్ యోస్ట్ అను ఇంజనీరు ఆ మెత్తని ఫోము చేసెను. ఇక 1990లలో నాసా వారి జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసమ్ అను ఇంజనీరు, అంతరిక్ష నౌకలకు బరువు, కరెంటు తగ్గించు చిన్న కెమెరా కావలెనని పనిచేసి, చిప్పు మీదనే కెమెరాను అమర్చు పద్ధతిని సాధించెను. ఈనాడు మన జేబులలోని ఫోను కెమెరాలు ఆ త్రోవలో వచ్చినవే.

ఎనిమిదింటిలో రెండు పూర్తిగా నిజము, ఒకటి సగము నిజము. మా సంగతి వినగానే ఆ తండ్రి ముఖము చిన్నబోయినది. "అయితే అంతా మోసమేనాండి?" అన్నారు. కాదు, అన్నాము. అసలైన మేలు ఆ బొమ్మలలో లేదు, అంతే.

దివిసీమ ఉప్పెనను చూచినవారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. 1977 నవంబరు 19న వచ్చిన ఆ ఉప్పెనలో పదివేలమంది వరకు పోయిరి. ఆనాడు మన దేశమునకు తుపానును పైనుండి చూచు స్వంత ఉపగ్రహము లేదు. 1983లో ఇన్సాట్-1బి పైకి వెళ్ళిన తరువాత మేఘముల చిత్రములు మనకే రాసాగినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము మీద విరుచుకుపడినపుడు అది ఎక్కడికి వచ్చుచున్నదో ముందే తెలిసి, లక్షలమందిని తరలించినారు. ఆస్తులు పోయినవి, చెట్లు కూలినవి, కాని మన రాష్ట్రములో మృతులు వందకు లోపే. ఇందులో రోడ్లకు, తుపాను షెల్టర్లకు, రాడార్లకు, ఫోనులకు కూడ భాగమున్నది. అంతయు ఉపగ్రహమునకే కట్టబెట్టిన, మేమును ఆ కరపత్రము వ్రాసినవారి వంటివారమే అగుదుము.

సముద్రతీరపు కుటుంబములకు ఇంకొకటి తెలుసు. హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్కాయిస్ అను సంస్థ, ఉపగ్రహములు కొలిచిన సముద్రపు వేడిని, నీటిలోని పచ్చదనమును చూచి, చేపలు ఏ దిక్కున ఎంత దూరములో గుమిగూడు అవకాశమున్నదో తెలుగులోనే తెలియజేయుచున్నది. మబ్బు పట్టిన రోజున ఆ కబురు ఉండదు, ఎందుకనగా ఆ యంత్రములకు మబ్బు అడ్డము.

పాతకాలపు సంగతి ఒకటి మాకు మరీ ఇష్టము. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహమును అరువు తీసికొని, ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టీవీ చూపినారు. అందులో ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉన్నవి, తెలుగు కార్యక్రమములును ఉన్నవి. ఉదయము బడిపిల్లలకు, సాయంత్రము వ్యవసాయము, ఆరోగ్యము. టీవీలను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. తయారు చేసినది. పైనుండి వచ్చు తరంగములను పట్టు పది అడుగుల గొడుగు దేనితో చేసినారో తెలియునా? కోళ్ళ దొడ్డికి కట్టు ఇనుప వలతో! చవుక, తేలిక, గాలికి ఎగిరిపోదు, పాడైన ఊరిలోనే బాగుచేయవచ్చును. ఆ వల సరిపోవునని లెక్క కట్టినది ఇంజనీరే. ఇది చెప్పినపుడు ఆ కుర్రవాడు మొదటిసారి తలయెత్తి నవ్వినాడు.

అందుకనే అతనితో ఈ మాట చెప్పితిమి. ఇస్రోలో పనిచేయువారందరిని లెక్కించినను ఇరవైవేలకు మించరు. అంతరిక్షమను పేరున్న కోర్సు చదివినంత మాత్రమున అందులో చోటు ఉండదు. వారు సైంటిస్టు-ఇంజనీరు పోస్టులకు వేయు ప్రకటనలలో ఎక్కువగా అడుగునది మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ శాఖలనే. ఇటీవలి ప్రకటనలలో బి.టెక్.లో 65 శాతము మార్కులు కోరుచున్నారు, తరువాత వ్రాతపరీక్ష, ఇంటర్వ్యూ. అక్కడ ఏ ఏజెంటుకును పనిలేదు. అంతరిక్ష విద్యకే ప్రభుత్వము పెట్టిన సంస్థ 2007లో తిరువనంతపురములో ఆరంభమైన ఐ.ఐ.ఎస్.టి. దానిలోనికి జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ ర్యాంకుతోనే త్రోవ. అది కష్టమే, కాని దానికి పొలము అమ్మనక్కరలేదు.

ఇంకొక త్రోవను మన కుటుంబములలో తక్కువగా చూచుట మాకు బాధ. పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ.లో ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, టర్నరు చేసినవారిని శ్రీహరికోట కేంద్రము టెక్నీషియన్లుగా తీసికొనుచున్నది. పాలిటెక్నిక్ డిప్లొమాలో ప్రథమ శ్రేణి వచ్చినవారికి టెక్నికల్ అసిస్టెంటు పోస్టులున్నవి. రాకెట్టు భాగములలో ఎన్నో ఇస్రో బయట తయారగుచున్నవి. హైదరాబాదు బాలానగర్‌లోని ఎం.టి.ఎ.ఆర్. కంపెనీ ఎన్నో ఏండ్లుగా రాకెట్టు ఇంజన్లకు భాగములు చేయుచున్నది. హైదరాబాదులోనే 2018లో పుట్టిన స్కైరూట్ అను సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి తన రాకెట్టును ఎగురవేసినది, దేశములో ప్రైవేటు వారిది అదియే మొదటిది. అట్టి చోట్ల వెంట్రుకవాసి తేడా లేకుండ లోహమును కోయగల చేతికి గౌరవమున్నది. "బి.టెక్. అని పిలిపించుకోవాలి కదండీ" అని తండ్రి అడ్డు చెప్పిరి. మేము వాదించలేదు. ఆ కోరిక ఎక్కడనుండి వచ్చినదో మాకు తెలుసు. తన తండ్రి వేలిముద్ర వేసినవాడు మరి.

బి.టెక్.యే కావలెనన్న చదవవలసినదే. ఐతే ముందు ఎంసెట్, ఇప్పటి పేరు ఈఏపీసెట్, కౌన్సెలింగులో కన్వీనరు కోటా సీటు ఏమి వచ్చునో చూడవలెను. మెకానికల్, ఎలక్ట్రానిక్స్ వంటి శాఖయైన, రాకెట్టు దగ్గర పని దొరకకున్నను ట్రాక్టరు కంపెనీలోనో, కరెంటు ప్లాంటులోనో దొరకవచ్చును. ఏ కళాశాలయైనను ఆ కోర్సుకు ఆ సంవత్సరపు ఏ.ఐ.సి.టి.ఇ. అనుమతి ఉత్తర్వును చూపుమని అడుగవలెను. కళాశాలకు అనుమతి ఉండుట వేరు, ఆ కోర్సుకు ఉండుట వేరు. కరపత్రము మీద ముద్రించిన రాకెట్టు బొమ్మ అనుమతి కాదు. చదివి వెళ్ళినవారు ఎక్కడ పనిచేయుచున్నారో ఇద్దరు ముగ్గురి పేర్లు అడిగి, స్వయముగా మాటలాడవలెను.

ఆ తండ్రి మా ఎదుటనే ఏజెంటుకు ఫోను చేసి అనుమతి కాగితము అడిగిరి. పంపెదనని చెప్పినాడు. ఇది వ్రాయునాటికి కాగితము రాలేదు, అడ్వాన్సు పదివేలును రాలేదు, ఇప్పుడు ఫోనును ఎత్తుటలేదట. మాగాణి బేరమును మాత్రము ఆపుకొన్నారు. అబ్బాయి కౌన్సెలింగుకు పేరు నమోదు చేసికొన్నాడు. దానితోబాటు పాలిటెక్నిక్ సంగతి కూడ కనుగొనుచున్నాడని వాళ్ళమ్మగారు చెప్పిరి.

ఇట్టి కరపత్రములు మీ ఊరికి వచ్చిన యెడల ఒక ప్రతిని మాకు పంపండి. అందులోని బొమ్మలను ఒక్కొక్కటిగా చూచి, తెలిసినంత ఈ పేజీలోనే వ్రాసెదము.