పెరటికి ఎంత వెలుగు?

హోసూరులో కొత్తగా ఇల్లు కట్టుకున్న మనవాళ్ళకు గోడ మీద 50 వాట్ల ఫ్లడ్‌లైటు లేకపోతే పరువు తక్కువ. అడిగితే "దొంగల భయం సార్" అంటారు. అయ్యా, కళ్ళలోకి కొట్టే దీపం వెనక ఎవరు నక్కినా మీకు కనిపించరు. దొంగకు అంతకన్నా ఏం కావాలి?

నేను బ్యాంకువాణ్ణి, లెక్క చెబుతాను. ఆ దీపం రాత్రికి 12 గంటలు వెలిగితే నెలకు 18 యూనిట్లు. గేటుకు, మెట్లకు, పెరటి బాటకు 5 వాట్లవి మూడు పెట్టినా 5.4 యూనిట్లే.

డబ్బు మీది, సరే. గోడ దాటిన వెలుగు ఎవరిది? పక్కింటి పసివాడి నిద్ర, మల్లెపందిరికి రాత్రిపూట వచ్చే రెక్కపురుగులు ఏ పద్దులో రాస్తారు?

కొనేముందు మూడు చూడండి: వెలుగు నేలకే దిగేలా పైన మూత, 6500 కెల్విన్ తెల్లదనం వద్దు, 3000 లోపు పసుపు వెలుగు, వానకు ఆగే ఐపీ 65 గుర్తు. మనిషి కదిలితేనే వెలిగే సెన్సారుంటే మరీ మంచిది.

తులసికోట ముందు ప్రమిద పెట్టుకున్నవాళ్ళం. ఆ ఫ్లడ్‌లైటు దించండి. ముందు మీ ఇంటివాళ్ళకే దారి తెలుస్తుంది.