మనవాడే కదా అని అడగకుండా ఉంటే ఎంత పోతుంది?

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ఏజెంటు అన్న పెన్షన్ పాలసీ కాగితాలు తీస్తాడు. బెంగళూరులోనైనా, షోలాపూర్‌లోనైనా, బరంపురంలోనైనా మనకు అలవాటైన దృశ్యమే. కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, మాట మాత్రం మన తెలుగు. నెలకు ఎంత కట్టాలో అడుగుతాం, 60 దాటాక ఎంత వస్తుందో అడుగుతాం. మధ్యలో కంపెనీ ఎంత పట్టుకుంటుందో మాత్రం అడగం. మనవాణ్ణి అనుమానించినట్టు ఉంటుందని మొహమాటం.

ఆ మొహమాటం ఖరీదు లెక్క వేద్దాం. లక్ష రూపాయలు 30 ఏళ్లు ఉంచాం, ఏటా 8 శాతం పెరిగింది అనుకుందాం. ఇది హామీ కాదు, లెక్క కోసమే. ఏటా 0.1 శాతం ఛార్జీ పోతే చివరికి సుమారు 9.79 లక్షలు మిగులుతాయి. 1.35 శాతం పోతే 6.90 లక్షలే. నిధి నిర్వహణకు ఎన్‌పీఎస్ సాధారణ స్కీముల్లో తీసుకునేది దాదాపు ఆ మొదటి అంకె. యూనిట్ లింక్డ్ బీమా ప్లాన్లలో నియంత్రణ సంస్థ అనుమతించిన గరిష్ఠ పరిమితి రెండోది. మిగతా ఛార్జీలు వేరే.

అలాగని శాతం తక్కువైతే చాలని మేము అనడం లేదు. ఎన్‌పీఎస్‌లో డబ్బు మధ్యలో తీయడం కష్టం. రూపాయల్లో స్థిరంగా ఉండే రుసుము చిన్న పొదుపును ఎక్కువ తింటుంది. 5,000 ఉన్న ఖాతాలో 200 పోతే అది 4 శాతం. ఆదాయపు పన్ను కట్టని 18–40 ఏళ్లవారు ముందు అటల్ పెన్షన్ యోజనతో పోల్చి చూడాలి. 18 ఏళ్లకే చేరి నెలకు 210 కడితే 60 తర్వాత నెలకు 5,000 హామీ ఉంది.

కాబట్టి సంతకానికి ముందు మూడు ప్రశ్నలు అడుగుదాం. ఏటా అన్నీ కలిపి ఎంత పోతుంది? ఆ డబ్బుకు అదనంగా మనకు దక్కేదేమిటి, బీమానా, హామీనా, సలహానా? మధ్యలో మానేస్తే ఎంత నష్టం? జవాబు కాగితం మీద చూపించమందాం. ఇప్పటికే బీమా పాలసీ తీసుకున్నవారు, అది చేతికొచ్చిన 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇవ్వవచ్చు.

ఏజెంటు అన్నకూ కుటుంబం ఉంది. కష్టానికి కమీషన్ తీసుకోవడం తప్పు కాదు, ఎంతో చెప్పకపోవడం తప్పు. న్యాయమైన కూలి అడిగే మనం, ఆ కూలిలోంచి దాచుకున్నదానికి న్యాయమైన తూకం కూడా అడగాలి. ఇంగ్లీషు చదవగల యువతీయువకులారా, వచ్చే ఆదివారం ఒక గంట కేటాయించండి. అమ్మానాన్నల పాలసీ కాగితాలు తెచ్చి, ఛార్జీల పేజీ తెరిచి, అందులో ఏముందో వాళ్లకు తెలుగులో చదివి చెప్పండి.