జావేద్ పేరు మనకు, మెహనత్ ఎవరికి?

మొన్న ఒక దావత్‌లో మా మామూ ఫోన్ చేతికిచ్చి, "దేఖో, యూట్యూబ్ బనాయా సో అప్నా బచ్చా!" అన్నారు. జావేద్ కరీం గురించి వాట్సాప్ ఫార్వర్డ్. దస్తర్‌ఖాన్ దగ్గరున్న వాళ్ళంతా మాషా అల్లాహ్ అన్నారు. అరగంట కాలేదు, అదే మామూ రెండు ఫైసలాలు చెప్పారు. కొడుకు డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేసి చానెల్ పెడతాడట. ఇంటర్ ఎంపీసీలో మంచి మార్కులు తెచ్చుకున్న కూతురికి మాత్రం ఇంజనీరింగ్ వద్దట. "లడ్కీకో ఇత్నా పఢాకే క్యా కర్తే?"

పెద్దాయన అని అదబ్‌తో ఊరుకున్నాను. అక్కడ ఇవ్వని జవాబు ఇక్కడ ఇస్తున్నాను.

మామూ, ఆ బచ్చా కథ పూర్తిగా వినండి. జావేద్ 1979లో తూర్పు జర్మనీలోని మెర్సెబుర్గ్‌లో పుట్టాడు. వాలిద్ బంగ్లాదేశీ, పరిశోధకుడు. వాలిదా జర్మన్, ఆమె బయోకెమిస్ట్రీ శాస్త్రవేత్త. పరాయివాళ్ళంటే నఫ్రత్ ఉన్నచోట ఇమడలేక ఆ కుటుంబం పశ్చిమ జర్మనీకి, 1992లో అమెరికాలోని సెయింట్ పాల్‌కు వెళ్ళింది. రెండుసార్లు ఇల్లు మారినా ఆ ఇంట్లో ఇల్మ్ ఆగలేదు. మీరు ఫఖర్‌గా చూపించే ఆ కొడుకు చదువుకున్న అమ్మ చేతిలో పెరిగాడు. మీ కూతురు కూడా రేపు ఒక అమ్మే కదా?

"వాడూ కాలేజీ వదిలేశాడు" అంటాడు మీ అబ్బాయి. నిజమే, ఇల్లినాయ్ యూనివర్సిటీ నుంచి మధ్యలోనే వెళ్ళాడు. కానీ పేపాల్‌లో నౌకరీ చేతిలో పెట్టుకుని వెళ్ళాడు. అక్కడ ఆన్‌లైన్ ధోకాలను అప్పటికప్పుడే పసిగట్టే వ్యవస్థ మీద పనిచేశాడు. పని చేస్తూనే మిగిలిన కోర్సులు పూర్తిచేసి 2004లో డిగ్రీ తీసుకున్నాడు. వదిలేయడం ఒకటి, వదిలినదాన్ని తిరిగి పూర్తిచేయడం ఇంకొకటి.

ఆ ఏడాది డిసెంబర్ 26న సునామీ వచ్చింది. మన కోస్తా మీద కూడా పడింది. ఆ దృశ్యాలు ఎందరో కెమెరాల్లో ఉన్నాయి, కానీ నెట్‌లో వెతికితే దొరకడం కష్టం. యూట్యూబ్ ఖయాల్‌కు ఇదొక కారణమని జావేద్ చెప్పాడు. 2005లో చాడ్ హర్లీ, స్టీవ్ చెన్‌లతో కలిసి సైట్ పెట్టాడు. అందులో మొదటి వీడియో, ఏప్రిల్ 23న పెట్టింది, అతనిదే. శాన్ డియేగో జూలో ఏనుగుల ముందు నిలబడి మాట్లాడింది 19 సెకన్లు. మీ అబ్బాయికి కనిపించేవి ఈ 19 సెకన్లే. వాటి వెనకున్న ఏళ్ళు కనిపించవు.

అసలు విషయం ఇప్పుడు వస్తుంది. కంపెనీ పైకి లేస్తుంటే జావేద్ ఉద్యోగిగా ఉండలేదు. సలహాదారుగా మిగిలి, మాస్టర్స్ కోసం స్టాన్‌ఫర్డ్‌లో చేరాడు. అందుకే మిగతా ఇద్దరికంటే అతని హిస్సా బాగా తగ్గింది. 2006లో గూగుల్ 165 కోట్ల డాలర్లకు యూట్యూబ్‌ను కొన్నప్పుడు అతనికి 1,37,443 షేర్లు వచ్చాయి, అప్పటి ధరలో దాదాపు 6.4 కోట్ల డాలర్లు. ఎక్కువ దౌలత్ ఎదురుగా కనిపిస్తున్నా తరగతి గదికి వెళ్ళినవాడిని చూపించి, మనం పిల్లల చదువు మాన్పిస్తున్నాం!

ప్రతి ఇంట్లో ఒక జావేద్ పుట్టాలని నేననను. అది కిస్మత్, సరైన చోటు, సరైన దోస్తులు అన్నీ కలిస్తే జరిగేది. ఫీజు కట్టే స్తోమత లేని ఇళ్ళ తక్లీఫ్ కూడా నాకు తెలుసు. కానీ మా మామూకు పైసల తంగీ లేదు. ఆ దావత్ ఖర్చులో సగం చాలు, ఆ అమ్మాయి మొదటి ఏడాది ఫీజుకు.

పేరు చూసి "మనవాడు" అనుకోవడం ఉచితం. మనింటి పిల్లను చదివించడానికే ఖర్చవుతుంది. మామూ, ఆ ఫార్వర్డ్ పంపండి, కాదనను. కాకపోతే ముందు కౌన్సెలింగ్‌కు వెళ్ళి ఆ అమ్మాయికి సీటు తీసుకోండి. ఆటో కిరాయి నేనిస్తాను.