సంతకం అడిగే సేద్యం

ఆహార సార్వభౌమత్వం అనే మాట ఈ మధ్య మన సభల్లో తరచూ వినిపిస్తోంది. 1996లో లా వియా కాంపెసినా అనే అంతర్జాతీయ రైతు ఉద్యమం ముందుకు తెచ్చిన మాట అది. గిడ్డంగుల్లో బియ్యం నిండుగా ఉంటే ఆహార భద్రత. ఏం పండించాలో, ఏ ధరకు అమ్మాలో పండించేవాడికి చెప్పుకునే హక్కుంటే సార్వభౌమత్వం. మొదటిది దేశానికి ఉంది. రెండోది మనకేదీ? 2023 జూలైలో తెల్లబియ్యం ఎగుమతులు ఆపినప్పుడు గానీ, 2024 సెప్టెంబరులో మళ్లీ వదిలినప్పుడు గానీ మనల్ని అడిగినవాళ్లు లేరు.

గోదావరి డెల్టానే చూడండి. కాలువ ఉంది, నేల ఉంది, మార్టేరు ఇచ్చిన స్వర్ణ ఉంది. విత్తనం దాచుకోవడానికీ, ఇచ్చిపుచ్చుకోవడానికీ 2001 చట్టం హక్కు ఇచ్చింది. అయినా 2011 సార్వాలో కోనసీమ రైతులు నాట్లు మానేశారు. నీళ్లు లేక కాదు, లెక్క కుదరక.

ఆ లెక్క ఇప్పటికీ కుదరలేదు. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. స్వామినాథన్ కమిషన్ సిఫారసును సొంత భూమి కౌలు, పెట్టుబడి వడ్డీ కూడా కలిపిన ఖర్చు మీద లెక్కిస్తే 3,135 రావాలి. అంటే క్వింటాకు 766 తక్కువ. అదైనా పూర్తిగా చేతికొస్తే కదా! తేమ 17 శాతం దాటిందంటారు, తరుగు తీస్తారు. ఆకాశం మబ్బు పట్టి, ధాన్యం రోడ్డు మీద ఉన్నప్పుడు బేరమాడే ఓపిక ఎవరికుంటుంది?

కౌలుదారుడి గతి ఇంకా అన్యాయం. పంట పోయినా కౌలు బస్తాలు కొలవాల్సిందే. 2019 చట్టం కింద సాగు హక్కు కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. అంతకుముందున్న 2011 చట్టంలో ఈ షరతు లేదు. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం. ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేం, ఆ కార్డు 11 నెలల సాగుకే తప్ప భూమి మీద హక్కు ఇవ్వదని ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. కార్డు లేనివాడికి బ్యాంకు అప్పు పుట్టదు. బయట వడ్డీకి తెచ్చినవాడు కళ్లంలోనే అమ్ముకుంటాడు.

సంతకం షరతు ఎత్తేయమని మన సంఘం అడుగుతూనే ఉండాలి. ఈలోగా ప్రతి ఊరి శాఖా నాట్లు పడగానే ఎవరి చేను ఎవరు చేస్తున్నారో జాబితా రాసి, ఈ-పంటలో సాగుదారు పేరే ఎక్కేలా దగ్గరుండి చూడాలి. యజమానుల ఇళ్లకు కూడా మనమే వెళ్లాలి.